అడగండి – చెబుతాం: తాబేటి డిప్ప ముందొచ్చింది పొట్టకా, వీపుకా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తాబేళ్ల మీదే ఉన్నాయి. తీరమంతా గుడ్లు పెట్టే కాలం కదా, అందులో వింతేమీ లేదు. ఒకే సందేహం రెండు మూడు ఊళ్ల నుంచి వచ్చినచోట వివరంగా రాసిన ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: సముద్రపు తాబేలు ఒకటి చచ్చి మా ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నాలుగు రోజుల ఎండకి పైపొలుసులు ఊడిపోయి కింద తెల్లటి ఎముక బయటపడింది. డిప్ప అంటే నత్తగుల్లలాంటిదనీ, తాబేలు అందులో దూరి బతుకుతుందనీ ఇన్నాళ్లూ అనుకున్నాం. "తాబేలు తన ఇల్లు తానే మోసుకు తిరుగుద్ది" అనేవాడు మా తాత. డిప్ప ఎముకే అయితే, డిప్ప లేని తాబేలు ఎప్పుడన్నా ఉండేదా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

ఉండేది. ముందుగా మీ తాతగారి మాటకు చిన్న సవరణ. తాబేలు మోసేది ఇల్లు కాదు, సొంత పక్కటెముకల్ని. నత్తను గుల్లలోంచి బయటికి లాగొచ్చు. తాబేలును డిప్పలోంచి లాగాలంటే వెన్నెముక తెంచాల్సిందే.

మీరు చూసిన కళేబరాన్నే తీసుకుందాం. ఊడిపోయినవి కొమ్ము పొలుసులు. మన గోళ్లు ఏ పదార్థంతో తయారవుతాయో అవీ దాంతోనే తయారవుతాయి. నక్షత్ర తాబేలుకైతే వీపు నడుమ 5, వాటికి అటూ ఇటూ నాలుగేసి పెద్ద పొలుసులుంటాయి. మన ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీకి పక్కవరసల్లో సాధారణంగా ఆరు, అంతకంటే ఎక్కువే ఉంటాయి. కొన్నిటికి ఎడమ లెక్కకూ కుడి లెక్కకూ పొంతన ఉండదు. పొలుసులు పోయాక ఎముక మీద రెండు రకాల గీతలు కనిపిస్తాయి. పొలుసుల అంచులు నొక్కుకున్న గాడులు నున్నగా, వంపుగా ఉంటాయి. ఎముకకూ ఎముకకూ మధ్య అతుకులు రంపపు పళ్లలా వంకరటింకరగా ఉంటాయి. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడవు. ఇటుకల వరసల్లో కీలు మీద కీలు రాకుండా మేస్త్రీ కట్టినట్టే ఉంటుంది, బలమూ అందుకే. డిప్ప లోపలి వైపు కనబడితే నడుమ వెన్నుపూసల వరస, దానికి అటూ ఇటూ అంటుకుపోయిన పక్కటెముకలు తెలుస్తాయి. బతికున్న ఏ జాతి తాబేలుకైనా మెడలో 8 పూసలు, వీపులో 10. ఈ లెక్క తప్పదు.

ఓ మాట. చూడండి, ఫొటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి ఇది. చచ్చిన దాని డిప్ప ఇంట్లో పెట్టుకున్నా నేరమే. కళేబరం కనబడితే అటవీ శాఖకు చెప్పండి. ముట్టుకుని ఉంటే సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు.

ఇక అసలు ప్రశ్న. చాలాకాలం శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్న అతి పాత తాబేలు జర్మనీలో దొరికిన ప్రోగానోకెలిస్. 1887లో దానికి పేరు పెట్టారు. వయసు దాదాపు 21 కోట్ల ఏళ్లు. చిక్కేమిటంటే దానికప్పటికే పైడిప్ప, అడుగుడిప్ప రెండూ పూర్తిగా ఉన్నాయి. మెడ మీద ముళ్లు, తోక చివర గదలాంటి ముద్ద, అంగిట్లో చిన్న పళ్లు మాత్రమే పాతకాలపు గుర్తులు. తల లోపలికి లాక్కోవడం దానికి చేతకాదు. మొదటి పేజీలు చిరిగిపోయిన పుస్తకం చేతికొచ్చినట్టయింది. ఆ ఖాళీని ఊహలు నింపాయి. మొసలి వీపు మీద ఉండేలాంటి చర్మపు ఎముక బిళ్లలు పెరిగి పెరిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని డిప్ప అయ్యాయన్నది వాటిలో బలమైన ఊహ.

2008లో చైనాలోని గ్విజౌ రాష్ట్రం నుంచి ఓడోంటోకెలిస్ బయటికొచ్చింది. వయసు 22 కోట్ల ఏళ్లు, పొడవు మూరెడుకు కాస్త తక్కువ. పేరుకు అర్థం "పళ్ల తాబేలు". వెనక తగిలించిన రెండో పేరుకు "సగం డిప్పది" అని అర్థం. పొట్ట కింద డిప్ప పూర్తిగా ఉంది. వీపు మీద లేదు! అక్కడ వెడల్పైన పక్కటెముకలు, వెన్ను వెంబడి ఒక వరస ఎముక పలకలు, అంతే. చర్మపు బిళ్లల జాడ లేదు. రెండు దవడల్లోనూ పళ్లున్నాయి. అంటే ముందొచ్చింది పొట్ట డిప్ప. పైడిప్ప విడి బిళ్లలు అతుక్కుని రాలేదు, పక్కటెముకలే బల్లపరుపుగా విస్తరించి తయారైంది.

దీనికి అభ్యంతరం అప్పుడే వచ్చింది. ఓడోంటోకెలిస్ నీటి జీవి కాబట్టి మొదట పూర్తి డిప్ప ఉండి, తర్వాత పలచబడిందేమో అన్నారు. తీసిపారేయదగ్గ మాట కాదు. ఇవాళ్టి తోలు తాబేలుకు జరిగింది అలాంటిదే. దాని వీపు మీద కొమ్ము పొలుసులు లేవు, పెద్ద పలకలూ లేవు, తోలు కింద చిన్న చిన్న ఎముక ముక్కలే ఉంటాయి. అయితే తర్వాత దొరికిన రెండు శిలాజాలు ఆ వాదన బలం తగ్గించాయని మా అభిప్రాయం.

మొదటిది 2015లో జర్మనీ నుంచి వెలువడిన పాపోకెలిస్. పేరుకు అర్థం "తాత తాబేలు", నిలువు మాత్రం జానెడే, 20 సెంటీమీటర్లు. వయసు 24 కోట్ల ఏళ్లు. పొట్ట కింద విడివిడిగా ఉన్న లావుపాటి ఎముక కడ్డీలు, వాటిలో కొన్ని పక్కదానితో అప్పుడే అతుక్కుంటూ కనిపిస్తాయి. అడుగుడిప్ప తయారవుతుండగా తీసిన ఫొటోలాంటిది. మొసలి పొట్టలో ఇప్పటికీ అలాంటి సన్నని కడ్డీలుంటాయి. రెండోది 2018లో చైనాలో వెలుగుచూసిన ఈయోరింకోకెలిస్. వయసు సుమారు 22.8 కోట్లు, పొడవు ఆరడుగులకు పైనే. ఒళ్లు పళ్లెంలా వెడల్పు, మూతికి పక్షికుండేలాంటి ముక్కు మొదలైంది, డిప్ప మాత్రం లేదు. ఓడోంటోకెలిస్‌కు సగం డిప్ప ఉండి ముక్కు లేదు, దీనికి ముక్కుంది, డిప్ప లేదు. పరిణామం ఒకే మెట్ల వరస ఎక్కుతుందనుకునేవాళ్లకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలి.

వీటన్నిటికీ వెనక దక్షిణాఫ్రికా యూనోటోసారస్, 26 కోట్ల ఏళ్లనాటిది, చూడ్డానికి లావాటి బల్లి. 9 జతల పక్కటెముకలు ఆకుల్లా వెడల్పై ఒకదాన్నొకటి తాకుతుంటాయి. 1892లోనే పేరు పెట్టిన జీవి, దాని విలువ తెలియడానికి నూరేళ్లు పైనే పట్టింది.

పక్కటెముకలు అంత వెడల్పైతే నష్టమే కదా అని మీరడగొచ్చు. నిజమే, నష్టమే. బల్లి నడుస్తున్నప్పుడు నడుము అటూ ఇటూ ఒంగాలి, ఊపిరి తీస్తే పక్కలు విచ్చుకోవాలి. పలకల్లా మారాక రెండూ కుదరవు. మరి ఎందుకొచ్చింది? 2016లో వచ్చిన జవాబు: నేల తవ్వడానికి. ముందుకాళ్లతో మట్టి తోస్తున్నప్పుడు ఒళ్లు మెలితిరక్కుండా గట్టిగా నిలవాలి. యూనోటోసారస్ చేతులూ భుజాలూ తవ్వే జంతువు వాటిలాగే ఉన్నాయి. రక్షణ ఆ తర్వాత కలిసొచ్చిన లాభం. ఊపిరి సంగతి పొట్ట కండరాలకు అప్పగించేసింది, తాబేలు ఇప్పటికీ వాటితోనే శ్వాసిస్తుంది.

చివరగా ఒక చిత్రం. మన భుజం రెక్క పక్కటెముకలకు బయట ఉంటుంది. వీపు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. తాబేలుకు లోపల ఉంటుంది! గుడ్డులో పిండంగా ఉన్నప్పుడు వీపు పక్కన చర్మం మడతలా లేస్తుంది. పక్కటెముకలు కిందికి ఒంగాల్సింది పోయి ఆ మడత వైపు పక్కకు సాగుతాయి. అలా భుజాన్ని పైనుంచి కప్పేస్తాయి.

ప్రశ్న: ఉడుము రాక్షసబల్లి వంశమేనా?
– ఉదయగిరి

కాదు. ఉడుము, తొండ, బల్లి, పాము ఒక కొమ్మ. డైనోసార్లు, మొసళ్లు, పక్షులు ఇంకో కొమ్మ. "రాక్షసబల్లి" అన్న తెలుగు మాటే ఈ తికమకకు కారణం. డైనోసార్ వారసులు మీ పెరట్లో గింజలు ఏరుకుంటున్నాయి.

ప్రశ్న: కపాలంలో కణత దగ్గర రంధ్రాలు లేవు కాబట్టి తాబేళ్లు సరీసృపాల్లో అన్నిటికంటే ఆదిమమైనవి అని మా పాఠ్యపుస్తకం. మొసలికి దగ్గరి చుట్టమని ఇప్పుడంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి?
– ఇంటర్ విద్యార్థి, ఒంగోలు

పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయండి, మార్కులు వాళ్లవి. విషయం మాత్రం ఇది.

వేళ్లు కణత మీద ఆనించి పళ్లు కొరకండి. అక్కడ ఉబికేది దవడ కండరం. అది కపాలంలోని ఒక ఖాళీ గుండా కిందికి దిగుతుంది. మనలాంటి క్షీరదాల పూర్వీకులకు ఒక్కో వైపు ఒక్క ఖాళీ. బల్లులు, మొసళ్లు, పక్షుల పూర్వీకులకు రెండేసి. తాబేలు కపాలంలో ఆ చోట ఒక్కటీ ఉండదు. కెనడాలోని జాగిన్స్ దగ్గర శిలాజమైన చెట్ల మొదళ్లలో దొరికిన హైలోనోమస్, సుమారు 31 కోట్ల ఏళ్లనాటి తొలి సరీసృపాల్లో ఒకటి, దానికీ లేవు. అందుకని తాబేళ్లను ఆ పాత గుంపుకు చేర్చేశారు.

ఇందులో పొరపాటు ఎక్కడంటే, "లేదు" అనేదానికి రెండు అర్థాలున్నాయి. మొదట్నుంచీ లేకపోవడం ఒకటి, ఉండి మూసుకుపోవడం ఇంకొకటి. పాపోకెలిస్‌కు రెండు ఖాళీలూ ఉన్నాయి. ఈయోరింకోకెలిస్‌కు ఒకటే మిగిలింది. ఓడోంటోకెలిస్ నాటికి మూసుకున్నాయి. యూనోటోసారస్‌దైతే ఇంకా ముచ్చట. పిల్లగా ఉన్నప్పుడు పైఖాళీ తెరిచే ఉంటుంది, పెద్దయ్యేసరికి ఒక ఎముక పెరిగి దాన్ని కప్పేస్తుంది. 2015లో ఎక్స్‌రే స్కానింగ్‌లో బయటపడింది. జన్యువులు ఇంకో దారిలో అదే ఊరు చేరాయి. 2012లో వెయ్యికి పైగా డీఎన్ఏ ముక్కలు పోల్చి చూస్తే తాబేళ్లు బల్లుల పక్కన కాకుండా మొసళ్లూ పక్షుల పక్కన వచ్చి కూర్చున్నాయి. ఎముకలు చూసేవాళ్లలో ఏ పాత శిలాజం తాబేటి కొమ్మ మీద ఎక్కడ పెట్టాలన్న తగువు ఇంకా నడుస్తోంది. "రంధ్రాల్లేవు కాబట్టి ఆదిమం" అన్న వాదనకు మాత్రం కాలం చెల్లింది.

ప్రశ్న: మా పలకల గనిలో రాయి విప్పితే లోపల నల్లటి ఫెర్న్ ఆకుల అచ్చులు వస్తున్నాయి. పొలంలో బావి తీస్తుంటే తాబేటి డిప్పలా గళ్లు గళ్లుగా ఉన్న గుండ్రాయి ఒకటి దొరికింది. రెండూ శిలాజాలేనా? ఎవరికి చూపించాలి?
– మార్కాపురం

నిరాశ పరుస్తున్నాం, రెండూ కావు. మీ పలక రాయి కడప శిలాసముదాయంలోది. దాని వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాట. ఆకులే కాదు, వెన్నెముక గల జీవి ఏదీ అప్పటికి భూమ్మీద లేదు. ఆ రాళ్లలో ఏదైనా జీవం గుర్తు దొరికితే అది కడప వైపు సున్నపురాళ్లలో కనిపించే స్ట్రొమటోలైట్. సూక్ష్మజీవుల చాపలు పొర మీద పొర పేరి, దోసెలు పేర్చినట్టు ఉంటుంది.

మీ "ఆకులు" మాంగనీసు పేరుకుని వేసిన ముగ్గులు. నీళ్లు రాతి పొరల మధ్య సందులోకి ఇంకినప్పుడు అందులోని మాంగనీసు కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. ఆకైతే నడిమి ఈనె, దాన్నుంచి ఒక పద్ధతిగా వచ్చే పక్క ఈనెలు ఉండాలి. మీదానిలో కొమ్మ ఎటు పడితే అటు చీలుతుంది, చాలాసార్లు రాతి పగులు అంచునుంచి మొదలై లోపలికి పాకుతుంది. తర్వాత మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క నల్ల గీత మీద, ఒక చుక్క ఖాళీ రాతి మీద వేయండి. గీత మీద మాత్రమే బుడగలు లేస్తే మాంగనీసే. పలక మీద మట్టి ఉంటే మట్టి కూడా బుడగలు తెప్పిస్తుంది, ముందు కడిగి ఆరబెట్టండి. బుడగలు రాకపోతే ఇనుపతుప్పు కావచ్చు, అంతమాత్రాన ఆకు అయిపోదు.

గుండ్రాయికి ముందు చెప్పిన గుర్తే వాడండి. నిజమైన డిప్పలో రెండు రకాల గీతలుంటాయి, గాడులు, రంపపు అతుకులు. విరిగిన చోట ఎముక లోపల స్పాంజిలా చిల్లులు కనిపించాలి. మట్టి ఉండ ఎండి లోపల పగిలి, ఆ పగుళ్లలో తెల్ల ఖనిజం నిండిన రాయికైతే ఒకే రకం గీతలు, లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతాయి. తెల్ల గీతను గోకి పొడి చేసి నిమ్మరసం వేస్తే సన్నగా నురగ వస్తుంది. రాయి ముక్క నాలుకకు అంటుకుంటే ఎముకేనని కొందరంటారు. ఎండిన బంకమట్టి రాయి కూడా అంటుకుంటుంది, ఆ పరీక్ష నమ్మకండి. అన్నట్టు, చీమకుర్తి గెలాక్సీ రాయిలో మెరిసే చుక్కల్ని శిలాజాలనుకునే వాళ్లూ ఉన్నారు. అది భూగర్భంలో కరిగి గట్టిపడిన రాయి, అందులో ఏ ప్రాణి అచ్చూ మిగలదు.

మన వైపు నిజమైన శిలాజాలు కావాలంటే ఒంగోలు ప్రాంతపు వేమవరం షేల్ రాళ్లలో ఉన్నాయి. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ తొలి రోజుల మొక్కల అచ్చులు అవి. ఇంకోసారి అనుమానం వస్తే రాయి కడక్కుండా, చెక్కకుండా, పక్కన స్కేలు పెట్టి మూడు వైపుల నుంచి ఫొటో తీయండి. దొరికిన చోటు ఫోన్ మ్యాపులో గుర్తించి, ఎంత లోతులో దొరికిందో రాసి హైదరాబాద్‌లోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయానికి పంపండి. చోటు రాయని శిలాజం అడ్రసు లేని ఉత్తరంతో సమానం.

ప్రశ్న: సైన్స్ ఫెయిర్‌కి తాబేటి పరిణామం పెట్టాలనుకుంటున్నాం. చార్టు మీద రాస్తే పిల్లలకు కాలం దూరం అర్థం కావడంలేదు. ఏదైనా ఉపాయం చెప్పండి.
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, కందుకూరు

చార్టు వదిలేసి తాడు పట్టుకోండి. మన లెక్కలో కోట్లు ఉండడం ఇక్కడ కలిసొస్తుంది. కోటి ఏళ్లకు ఒక మీటరు, లక్ష ఏళ్లకు ఒక సెంటీమీటరు. 33 మీటర్ల తాడు, దాన్ని చాచడానికి గ్రౌండు ఉంటే చాలు. ఒక కొస "ఈ రోజు". అక్కణ్నుంచి కొలుచుకుంటూ పోండి. 3 సెంటీమీటర్ల దగ్గర మన మనిషి జాతి పుట్టుక. 6.6 మీటర్ల దగ్గర డైనోసార్ల అంతం. 7.5 దగ్గర ఆర్కెలాన్ అనే భారీ సముద్రపు తాబేలు. 21 దగ్గర ప్రోగానోకెలిస్, 22 ఓడోంటోకెలిస్, 22.8 ఈయోరింకోకెలిస్, 24 పాపోకెలిస్, 26 యూనోటోసారస్, 31 హైలోనోమస్. మన తెలుగు నేల తాబేలు మర్చిపోకండి. ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా రాళ్లలో దొరికిన ఇండోకెలిస్, భారతదేశంలో దొరికిన తొలి జురాసిక్ తాబేలు, 2000లో వివరించారు. దాన్ని 20.1కీ 14.5కీ మధ్య ఉండే జురాసిక్ భాగంలో కట్టండి.

ఎక్కడ చెడుతుందంటే ముడుల దగ్గర. ఒక్కో ముడి రెండు మూడు సెంటీమీటర్ల తాడు మింగుతుంది, అంటే రెండు మూడు లక్షల ఏళ్లు. పదిహేను ముడులు వేస్తే మనిషి జాతి చరిత్రకు పదింతలకు పైనే గల్లంతు. ముడులొద్దు, బట్టల క్లిప్పులు పెట్టండి. వల నేసే నైలాన్ తాడు లాగితే సాగుతుంది, కొలత టేపు పక్కన పరిచి తాడు నేల మీద ఉండగానే క్లిప్పులు పెట్టాలి. ప్రతి దూరం "ఈ రోజు" కొస నుంచే కొలవాలి, ముందు క్లిప్పు నుంచి కొలిస్తే తప్పు మీద తప్పు పేరుకుంటుంది.

ఆర్కెలాన్ దగ్గర ముగ్గుపిండితో దాని పొడవు గీయించండి. వియన్నా మ్యూజియంలో ఉన్నది 4.6 మీటర్లు. పక్కనే ఆలివ్ రిడ్లీ డిప్ప, 70 సెంటీమీటర్ల లోపు. 1895లో అమెరికాలోని దక్షిణ డకోటాలో దొరికిన ఆర్కెలాన్‌కు కుడి వెనకకాలు సగం లేదు. చిన్నప్పుడే ఏదో కొరికేసిందనీ, ఆ కుంటికాలితోనే అంత పెద్దదైందనీ ఎముకలు చూసినవాళ్లు తేల్చారు. పిల్లలు ముగ్గు గీసేటప్పుడు ఆ కాలు సగమే గీయమనండి, చూసినవాళ్లంతా అడుగుతారు.

మార్కాపురం పలక ఒకటి తెచ్చుకుని దాని చోటు చూపించమనండి. వంద మీటర్లు దాటి నడవాలి, బహుశా బడి గేటు బయట రోడ్డు మీద పడుతుంది.

ప్రశ్న: కోట్ల ఏళ్లు సముద్రంలో బతికినా గుడ్లకు మాత్రం ఒడ్డుకే ఎందుకు రావాలి? కుక్కలు తవ్వేస్తున్నాయని గూడు మార్చి మేం పూడ్చిన గుడ్లలో చాలా పిల్లలు కాలేదు, ఎందుకని?
– కొత్తపట్నం

సరీసృపం గుడ్డు పొడినేల కోసం పుట్టింది. లోపల పిండానికి సొంత నీటితొట్టి ఉంటుంది, పెంకు గుండా గాలి ఆడుతుంది. నీళ్లలో ముంచితే ఆ చిల్లులు మూసుకుపోయి పిండం ఊపిరాడక చస్తుంది. డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపాలైన ఇక్తియోసార్లు నీళ్లలోనే పిల్లల్ని కని ఈ చిక్కు తప్పించుకున్నాయి. తాబేళ్లు తప్పించుకోలేదు.

మీ గుడ్లు పోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఆలస్యం. కోడిగుడ్డును అటూ ఇటూ తిప్పాలి, తాబేటి గుడ్డును తిప్పకూడదు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పైపొరకు అతుక్కుంటుంది. తర్వాత తలకిందులైతే తెగిపోతుంది. మార్చక తప్పదనుకుంటే అటవీ శాఖ అనుమతి ఉన్నవాళ్లే, పెట్టిన రెండు మూడు గంటల్లో, ఏ వైపు పైనుందో అలాగే ఎత్తి, సుమారు 45 సెంటీమీటర్ల లోతున, అడుగు వెడల్పుగా మెడ సన్నంగా కుండ ఆకారంలో తీసిన గుంటలో, ఆ పాత గూటి తడి ఇసుకతోనే పూడ్చాలి. తెల్లారి కనబడిన గూటిని కదపకండి. పైన ఇనుప జాలీ పరిచి, అంచులు ఇసుకలోకి దిగ్గొట్టి, పిల్లలు దూరేటంత కంతలుండేలా చూడండి. నీడ కోసం కొబ్బరాకులు దట్టంగా కప్పొద్దు. ఆ గూట్లో ఆడవి పుట్టేదీ మగవి పుట్టేదీ ఇసుక వేడిని బట్టే ఉంటుంది, వేడి ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. 45 నుంచి 60 రోజులు ఓపిక పట్టండి.